హెరాల్డుకి పెట్టిన డబ్బు గిట్టిందా?

లెక్క ముందే చెప్పేస్తాను. 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డుని మళ్ళీ రోడ్డెక్కించడానికి నాకు 7,20,000 రూపాయలయింది. బండి ఊరికే వచ్చింది కాబట్టి ఇదంతా పనికీ సామానుకీ పెట్టిందే. ఇవాళ అమ్మితే నాలుగు లక్షలొస్తాయి. పాత కార్లు కొనే హైదరాబాదు ఆయన ఒకరు ఫోన్లో అన్న మాట అది. గట్టిగా బేరమాడితే ఇంకో యాభై వేలు లాగొచ్చేమో. భీమవరంలో ఎవరికి చెప్పినా, "ఆ ఏడు లక్షలూ రొయ్యల చెరువులో పెట్టుంటే ఈపాటికి..." అంటారు. వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలిన ఏడాది చెరువులో పెట్టినవాళ్ళకి ఏం మిగిలిందో వాళ్ళకీ తెలుసు. అందుకే ఆ మాట ఎవరూ పూర్తిచెయ్యరు.

డబ్బు లెక్కన గిట్టలేదు. అలాగని "మా తాతగారి కారు ఉందండి, చేయించమంటారా?" అని అడిగితే వద్దని వెంటనే అనను. బండి కిందకి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచి చూశారా అని అడుగుతాను. అందరూ ఇంజను తిరుగుతుందా లేదా అనే చూస్తారు. పాత కారులో డబ్బు తినేది ఇంజను కాదండి, రేకు.

హెరాల్డుకి స్పోర్ట్స్ కారుతో చుట్టరికం ఉందంటే నవ్వేవాళ్ళున్నారు. నిజమే, 948 సీసీ ఇంజను, నలుగురు కూర్చునే బండి. కానీ బాడీ బరువు మోసే అడుగు చట్రం, అంటే ఇదే ఛాసిస్‌ని పొట్టిచేసి, పైన ఇద్దరు పట్టే బాడీ కూర్చి ఇంగ్లండులో హెరాల్డు తీసిన ట్రయంఫ్ కంపెనీయే 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తీసింది. రెండిటికీ రూపం దిద్దింది ఇటలీ ఆయన జొవాన్నీ మికెలొట్టీయే. ముందు చక్రాల దగ్గర సామాను చాలావరకు రెండిటికీ ఒకటే. ఈ చుట్టరికమే నా బండిని బతికించింది. మన దగ్గర హెరాల్డు తయారుచేసిన స్టాండర్డ్ కంపెనీ 1980ల చివర్లోనే ఆగిపోయినా ఇంగ్లండులో స్పిట్‌ఫైర్లు నడిపేవాళ్ళు ఇంకా బోలెడుమంది ఉన్నారు, వాళ్ళకోసం సామాను తయారవుతూనే ఉంది. ధర పౌండ్లలో ఉంటుంది, అదే చిక్కు.

బండి మా మేనమామది. మద్రాసులో 1961 నుంచి హెరాల్డులు తయారయ్యేవి. ఆచంట వైపు వశిష్ఠ గోదావరి గట్టుకి దగ్గర్లో ఆయనకి రైసుమిల్లు ఉండేది, ఆ మిల్లు లెక్కలోనే కారూ కొన్నారు. 1986 ఆగస్టు వరదలో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో, మిల్లులోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక కడిగి, ఆయిళ్ళు మార్చి, మళ్ళీ నడిపారు. మారుతీ కొన్నాక దీన్ని షెడ్డులోకి తోసి చుట్టూ ఊక బస్తాలు పేర్చారు. ఊక అడ్డు పెడితే బండికి ఏమీ కాదని అప్పటి నమ్మకం. నిజానికి ఊక చెమ్మ పీల్చి వదలదు. బస్తాలు ఆనుకున్న చోటల్లా తలుపు రేకు కింది జానెడు మేర జల్లెడై ఉంది. 1996 నవంబరు తుఫానుకి షెడ్డు పైకప్పు లేచిపోయింది, మళ్ళీ కప్పేదాకా పైన టార్పాలిన్ ఒక్కటే దిక్కు. సీట్ల లోపల పందికొక్కులు కాపురం పెట్టాయి.

మామయ్య పోయాక మిల్లు స్థలం బేరానికి వచ్చింది. "తీసుకుపోతే తీసుకుపో బావా, లేదంటే పాత ఇనుం కింద కాటాకి వేసేస్తాను" అన్నాడు మా బావమరిది. కాటా అన్న మాట విన్నాక ఇంక ఆలోచించేదేముంది? లారీ ఎక్కించి భీమవరం తెచ్చేశాను.

టింకరింగ్ మేస్త్రీకి అరవై దాటాయి. అంబాసిడర్లమీద చెయ్యి తిరిగిన మనిషి. గోనెపట్టా పరుచుకుని కిందకి దూరాడు. స్క్రూడ్రైవరు ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది. "ఇది ఇనుం కాదండి బాబూ, అప్పడం" అన్నాడు లోపల్నుంచే. కాసేపటికి సుత్తి తీసుకుని ఛాసిస్ మధ్యనున్న రెండు పెద్ద పట్టీలని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఖణేల్‌మని మోగాయి. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "నడుం గట్టిగానే ఉందండి. చెయ్యొచ్చు. ఎంతవుద్దని మాత్రం నన్నడక్కండి" అన్నాడు.

నాకు దొరికిన సలహాలన్నిట్లోకీ విలువైనది ఇదే. హెరాల్డు తీసినప్పుడు ఇంగ్లండులో ఆ కంపెనీకి ఒకే ముక్క బాడీలు కొట్టించుకునే దారి మూసుకుపోయింది. దాంతో పాతకాలం పద్ధతిలో విడిగా ఛాసిస్ కట్టి, బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. 1959 నాటికే ఇది కాలం చెల్లిన పద్ధతి అనిపించుకుంది. అరవై ఏళ్ళ తర్వాత నాలాంటివాడికి అదే వరమైంది. పైకప్పు విప్పితే ఊడొస్తుంది. బానెట్టూ రెండు మడ్‌గార్డులూ కలిపి ఒకే ముక్క, ముందుకి తెరుచుకుంటుంది. కుళ్ళిన ముక్కని తీసి పక్కన పెట్టి మిగతాది చూసుకోవచ్చు. అదే బాడీయే ఛాసిస్ అయిన బండిలో ఫ్లోరు పోతే బండి నడుమే పోయినట్టు.

మధ్య పట్టీలనుంచి పక్కలకి చేతులు చాచినట్టు డొల్ల పెట్టెలుంటాయి, బాడీ బరువు వాటిమీదే. నాలుగు వైపులా అవే పోయాయి. కోస్తే లోపల్నుంచి ఎండి గట్టిపడిన నల్లటి ఒండ్రు ఉండలుగా రాలింది. 1986 నాటి గోదారి మట్టే అయ్యుంటుంది. కడిగినవాళ్ళు పైనుంచి కడిగారు, పెట్టెల్లోకి దూరినది దూరినట్టే ఉండిపోయింది. మా బావమరిదికి ఫొటో పంపిస్తే, "పొలంలో వేసుకో బావా, బలం" అని జవాబిచ్చాడు.

ఇక్కడ మేస్త్రీ చేసిన తీరు పాత బండి చేయించే ఎవరికైనా పనికొస్తుంది. బాడీ ఎత్తేసి ఛాసిస్ విడిగా చేద్దామని నేను తొందరపడుతుంటే ఒప్పుకోలేదు. ముందు తలుపులు విప్పి, ఆ ఖాళీలో అడ్డంగా ఇనప యాంగిల్ ముక్కలు టాకా వేశాడు. అలా కట్టకుండా ఎత్తితే కుళ్ళిన బాడీ మధ్యలో కుంగిపోతుంది, ఆ తర్వాత తలుపు ఎన్నటికీ సరిగ్గా పడదు. బాడీ ఇంకా పైనే ఉండగా చేతుల్ని ఒక్కొక్కటే కోసి, కొలిచి, కొత్తది వేశాడు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. నాలుగూ అయ్యాకే బాడీ లేపింది. మిల్లు కుర్రాళ్ళు ఆరుగురు వచ్చి చేతులతోనే ఎత్తి టైర్లమీద పెట్టారు.

రేకు సంగతీ చెప్పాలి. మా వైపు ఎక్కడ చూసినా దొరికేది జీఐ రేకు. పాకలకీ షెడ్లకీ వాడేదే. తుప్పు పట్టదు కదా, అదే వేసెయ్యమన్నారు చాలామంది. దానిమీద జింకు పూత ఉంటుంది. వెల్డింగు వేడికి ఆ పూత పొగై పోతుంది, ఆ పొగ పీలిస్తే మేస్త్రీకి జ్వరం, అతుకూ శుభ్రంగా పట్టదు. విజయవాడ ఆటోనగర్ నుంచి కారు బాడీలకి వాడే సీఆర్ రేకు తెప్పించాం. ఛాసిస్ పెట్టెలకి పద్దెనిమిది గేజి, ఫ్లోరుకీ తలుపు అడుగులకీ ఇరవై గేజి. దాంతో ఇంకో తంటా. మా గాలిలో కోసి అరగదీసిన రేకుని రాత్రి వదిలేస్తే పొద్దుటికి ఎర్రగా పూసి ఉంటుంది. ఒకవైపు సముద్రం, చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు. ఏ రోజు అరగదీసిన చోటుకి ఆ రోజు సాయంత్రంలోపే ఎపాక్సీ ప్రైమర్ పడాల్సిందే. దీపాలు పెట్టే వేళకి మేస్త్రీ అరగదీత ఆపి బ్రష్షు పట్టుకునేవాడు, ఎంత పని మిగిలి ఉన్నా సరే.

కూలి విషయంలో గుత్తకి ఇవ్వమని నాకు చెప్పినవాళ్ళే ఎక్కువ. పాత బండికి గుత్త మంచిది కాదని నా అభిప్రాయం. గుత్తకి ఒప్పుకున్నవాడు తెరిచాక బయటపడిన కుళ్ళుని చూడనట్టు నటిస్తాడు, పుట్టీ రుద్ది పైన రంగు కొడతాడు. వాడి తప్పు కాదది, మనం కుదుర్చుకున్న పద్ధతి అలాంటిది. నేను రోజు కూలికే పెట్టి, రేకూ గ్యాసూ నేనే కొనిచ్చాను. రేకు పనికీ ఛాసిస్‌కీ కలిపి 2,80,000 అయింది. మొత్తం ఖర్చులో అన్నిటికంటే పెద్ద ముక్క ఇదే. బండి చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇందులో ఒక్క రూపాయి కూడా కనపడదు.

ఇంజను కథ చిన్నది. హెడ్డు దించాం, రీబోర్ కొట్టించాం, క్రాంకు గ్రైండింగు చేయించాం. ఈ 948 సీసీ ఇంజనే స్టాండర్డ్ టెన్‌లోనూ, హెరాల్డు తర్వాతొచ్చిన గజెల్‌లోనూ ఉండేది కాబట్టి పిస్టన్లూ బేరింగులూ చెన్నై పుదుపేటలో వెతికితే దొరికాయి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000తోనే ఆగిపోయింది, ఆ సీసమే పాత ఇంజన్లలో వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడేది. అందుకని గట్టి సీట్లు వేయించాను. గేర్‌బాక్సుతో కలిపి 95,000. ఇందులో భయపడేదేమీ లేదు. భీమవరంలో రైసుమిల్లుల పనీ చెరువుల ఏరేటర్ల పనీ చేసే లేత్ మేస్త్రీలకి బుష్షులూ షాఫ్టులూ కొట్టినపిండి.

అదే లేత్ మేస్త్రీకి ఒక్క పని మాత్రం ఇవ్వలేదు. ముందు చక్రం నిలబడే నిలువు కడ్డీ అడుగున మరలుంటాయి, అది ఇత్తడి రంగు దిమ్మలో తిరుగుతుంది. ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరలమీదే చక్రం తిరుగుతుంది. దానికి గ్రీజు కొట్టకూడదు, తొంభై నంబరు గేర్ ఆయిలే ఎక్కించాలి. మన మెకానిక్కులకి నిపిల్ కనపడితే గ్రీజు గన్ను పట్టుకోవడం అలవాటు. గ్రీజు అడుగుదాకా దిగదు, లోపల నీరు నిలుస్తుంది, కడ్డీ తుప్పు పట్టి ఏదో ఒక మలుపులో పుటుక్కున విరుగుతుంది. చక్రం లోపలికి మడిచేసుకుంటుంది. హెరాల్డులకీ స్పిట్‌ఫైర్లకీ పేరుమోసిన జబ్బు ఇదే. నా బండిలో రెండు వైపులా గ్రీజే గడ్డకట్టి ఉంది. లేత్ మేస్త్రీ, "అచ్చం అలాగే తిప్పి ఇస్తానండి" అన్నాడు, ఇవ్వగలడు కూడా. కానీ తిప్పడం వేరు, ఆ ఉక్కుకి తగిన గట్టిదనం ఇవ్వడం వేరు. అవి ఇంగ్లండు నుంచే తెప్పించాను. వాటితోపాటు రబ్బరు బీడింగులు, బ్రేకు సిలిండర్లు, ముందు అద్దం రబ్బరు. కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియరు అన్నీ కలిసి సామాను ధరలో సగం పైనే మళ్ళీ కట్టించుకున్నాయి. మొత్తం 1,15,000.

రంగు పని సంక్రాంతి దాటాకే మొదలుపెట్టాం. వానాకాలంలో రంగు కొడితే గాలిలో చెమ్మకి తెల్లబారుతుంది. సంక్రాంతి ముందు మొదలుపెడదామంటే మేస్త్రీలెవరూ బరుల దగ్గర్నుంచి కదలరు. ఇక్కడే నేను గీత గీసుకున్నాను. పెయింటరు రెండు రకాల ధరలు చెప్పాడు. దూరంనుంచి ముచ్చటగా ఉండి, దగ్గరికొస్తే అక్కడక్కడ అల కనిపించే పని 1,10,000. రేకు మళ్ళీ మళ్ళీ అరగదీసి, తలుపు సందులన్నీ ఒకే వెడల్పుకి తెచ్చి, క్రోము సామానంతా కొత్తగా పూత వేయించి, పోటీల్లో నిలబెట్టేంత పని అయితే ఇంకో మూడున్నర లక్షలు. స్నేహితులంతా రెండోదే చేయించమన్నారు. ఇంతదూరం వచ్చి చివర్లో కక్కుర్తేమిటన్నారు. నేను మొదటిదే చాలన్నాను. అలా మెరిపించిన బండిని కాలవ గట్టుమీదకి తీసుకెళ్ళడానికి నాకు చేతులు రావు. గీత పడుతుందని షెడ్డులో పెట్టుకునే కారు మామయ్య షెడ్డులో ముప్ఫై ఏళ్ళు ఉండనే ఉంది కదా.

సీట్లూ లోపలి గుడ్డా 60,000. కోనసీమ కొబ్బరి పీచే దట్టించారు, స్పాంజి కంటే చల్లగా ఉంది. టైర్లు, బ్యాటరీ, పందికొక్కులు కొరికేసిన వైరింగు కలిపి 45,000. పదమూడు అంగుళాల టైరు ఇప్పటికీ కొట్లో దొరుకుతుంది కాబట్టి అక్కడ బతికిపోయాను.

కాగితాలు రేకు అంత ఖరీదు కాదు గానీ ఓపిక తింటాయి. ఆర్సీ మామయ్య పేరుమీద, ఎప్పుడో గడువు తీరినది. వారసుల ధ్రువపత్రం, మా బావమరిది సంతకాలు, ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ పెన్సిలు రుద్ది తీసిన అచ్చులు. ఆఫీసులో కంప్యూటరులోకి ఎక్కని పాత రిజిస్టరు ఒకటి వెతకాల్సొచ్చింది. వెతకడం వాళ్ళకిష్టం లేదు, వదలడం నాకిష్టం లేదు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మార్చకుండా ఉంచిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలొస్తాయి, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. కానీ దాన్ని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలుకీ రిపేరుకీ మాత్రమే తియ్యాలి. నాకు పాలకొల్లు వెళ్ళి కాఫీ తాగి రావాలనుంటుంది. అందుకని మామూలు రెన్యూవలే చేయించాను. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు బానెట్టు ముందుకి తెరిస్తే ఫొటో తీసుకుని, ఆ తర్వాతే ఫారం చూశారు. ఈ ఖాతాలో 15,000. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి రెన్యూవల్ ఫీజే 10,000 చేశారు, ఇప్పుడు చేయించేవాళ్ళు అదీ లెక్కలో వేసుకోండి.

నడిపితే ఎలా ఉంటుందంటే, మా గట్టు రోడ్లకోసమే చేశారేమో అనిపిస్తుంది. హెరాల్డు ముందు చక్రాలు పక్కలకి విపరీతంగా తిరుగుతాయి, పాతిక అడుగుల చోటుంటే వెనక్కి మళ్ళిపోతుంది. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. మా అల్లుడి కొత్త కారు ముందుకీ వెనక్కీ ఆడుతుంటే ఇది ఒక్క తిప్పుకే తిరిగేస్తుంది. మలుపుల్లో మాత్రం జాగ్రత్త కావాలి. వెనక ఇరుసు రెండు ముక్కలుగా ఊగే రకం. మలుపులో ఉండగా ఉన్నట్టుండి బ్రేకు నొక్కితే వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం కిందకి ముడుచుకుని బండి తిరగబడాలని చూస్తుంది. మలుపుకి ముందే వేగం తగ్గించుకుని, మలుపులో నెమ్మదిగా యాక్సిలరేటరు ఇవ్వాలి. లాకు దగ్గర కాలవ దాటి లంబకోణంలో తిరిగే రోడ్లమీద ఇది మర్చిపోతే నేరుగా నీళ్ళలోకే. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంది, పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడిపోతాయి, నిలవ ఉంటే అది చెమ్మ కూడా పీలుస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కి ఆగే రకం వేయించి, కార్బరేటరులో పెట్రోలు దూరే జెట్టు కాస్త పెద్దది పెట్టాం. వారానికోసారైనా తియ్యకపోతే కార్బరేటరు అలుగుతుంది.

నాలుగు లక్షల ఆయనకి అమ్మనని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. పైగా, "అందరూ ఇలాగే అంటారండి, పిల్లలు అమ్ముతారు" అన్నాడు. ఆయన వ్యాపారం అదే. నా మాట అడిగితే, హెరాల్డే కావాలనుకుని బయట కొనేవాళ్ళు ఎవరో డబ్బు పోసి చేయించిన బండినే కొనుక్కోవాలి. నేను పెట్టిన ఏడు లక్షల్లో మూడు లక్షలు కొనేవాడికి ఉచితం. సొంత ఇంటి బండి, ఛాసిస్ గట్టిది, దగ్గర్లో మంచి టింకరింగ్ మేస్త్రీ ఉన్నాడు అంటేనే చేయించుకోవాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా వద్దనే అంటాను.

మొన్న పాలకొల్లులో తెలిసినాయన వాళ్ళ నాన్నగారి ప్రీమియర్ పద్మిని చూపించడానికి పిలిచారు. అప్పటికే కొత్త బ్యాటరీ పెట్టించి ఇంజను తిప్పించారు, చక్కగా తిరుగుతోంది. ఆయన మొహం వెలిగిపోతోంది. మ్యాటు ఎత్తితే కింద నేల కనిపించింది. జాకీ పెట్టే చోటు చేత్తో నలిపితే పొడైంది. పద్మినికి విడిగా ఛాసిస్ లేదు, ఆ ఫ్లోరే దాని ఛాసిస్.

"ఇంజను దించి దాచుకోండి, మీటర్లూ స్టీరింగూ విప్పుకోండి. మిగతాది కాటాకే" అన్నాను.

"మరి మీరు ఏడు లక్షలు పోశారు కదండీ?"

"నాది నడుం ఉన్న బండండి."

నమ్మలేదు. నేను కుళ్ళుకుంటున్నానని కూడా అనుకుని ఉండొచ్చు. రాజమండ్రి నుంచి ఇంకో మేస్త్రీని పిలిపిస్తానన్నారు. పిలిపించమన్నాను. ఎవరొచ్చినా ముందు మ్యాట్లన్నీ ఎత్తించి చూపించండి, అప్పటిదాకా ఇంజను స్టార్టు చెయ్యకండి అని చెప్పి వచ్చాను.